నేపథ్య శబ్దం: ఏడో వారం

పోయిన వారం మిమ్మల్ని చెవుల డాక్టరమ్మ గదిలో, బల్లకి ఇవతల కుర్చీల్లో కూర్చోబెట్టి వచ్చేశాను. కోప్పడకండి. అప్పుడు నాకే కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఇక మీ సంగతి ఏం చూస్తాను? అక్కడ జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేసి మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్తాను.

మా పాపకి మూడేళ్ళు నిండి రెండు నెలలు. ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. దానికి రెండు చెవులూ సరిగ్గా వినబడటం లేదని పరీక్షలో తేలింది. ఎడమ చెవి దాదాపు లేనట్టే. కుడి చెవిలో కాస్త మిగిలింది. ఇది పుట్టుకతో వచ్చిందా, మధ్యలో వచ్చిందా అన్నది డాక్టరమ్మకి తెలియాలి. పుట్టుకతో వచ్చిందైతే ఒక దారి. మధ్యలో పోయిందంటే మాత్రం ఎప్పుడు పోయిందో, ఎందుకు పోయిందో వెంటనే పట్టుకోవాలి. పట్టుకుంటే కుడి చెవిలో మిగిలిన ఆ కాస్తయినా నిలబెట్టే వీలుంటుంది.

"చిన్నప్పుడు వినేది డాక్టర్ గారూ, నేను పిలిస్తే చూసేది" అన్నాను నేను. "అమ్మల జ్ఞాపకాలు నేను రాసుకోను. ఏడాదీ ఏడాదిన్నర వయసప్పటి వీడియోలుంటే చూపించండి" అంది ఆవిడ. మా ఆయన ఛాతీ విరుచుకుని ఫోన్ తీశాడు. వీడియోలో పాప నేల మీద కూర్చుని అట్టపెట్టె చింపుతోంది. ఉన్నట్టుండి చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. ఎందుకు చూసిందో తెలియదు, ఎందుకంటే ఏ చప్పుడూ వినబడలేదు. నా గొంతు మాత్రం రేడియోలో వచ్చినట్టు తేటగా వినబడింది.

"ఇది ముట్టుకోని ఒరిజినలేనా?" అంది డాక్టరమ్మ.

"ఒరిజినలే డాక్టర్ గారూ. పైగా క్వాలిటీ కూడా పెంచాను" అన్నాడు మా ఆయన.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. పోయిన వారం నేను ఆపింది సరిగ్గా అక్కడే. ఆ తర్వాత ఆవిడ అన్న మాటలు ఇవి: "నాకు మాటలొద్దు. చప్పుడు కావాలి. గిన్నె పడాలి, తలుపు కొట్టుకోవాలి, అప్పుడు పాప ఏం చేసిందో నేను చూడాలి. ఎవరూ ఏ మార్పూ చెయ్యని వీడియో తీసుకురండి. సాయంత్రం నాలుగు వరకూ ఉంటాను. రేపు పొద్దున్న ముగ్గురు డాక్టర్లం కూర్చుని మీ పాప సంగతి తేల్చేస్తున్నాం."

ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది. చెప్పులు ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి హాలు మధ్యలో వదిలేసి మా ఆయన టీవీ కింద ఉన్న పెట్టె ముందు చతికిలబడ్డాడు. ఆ పెట్టె గురించి మొదటి వారంలోనే చెప్పాను. ఈ వారమే మా ఇంటికి వచ్చినవాళ్ళ కోసం మళ్ళీ చెప్తాను. చెప్పుల డబ్బా అంత ఉంటుంది, నల్లగా ఉంటుంది, పచ్చదీపం ఒకటి మిణుకుమంటూ ఉంటుంది. మా ఫోన్లలో తీసిన ప్రతి వీడియో దానంతట అదే అందులోకి వెళ్ళిపోతుంది. లోపలున్న సాఫ్ట్‌వేర్ వాటిని తేదీల వారీగా సర్ది, పైన బొమ్మలు అంటించి టీవీలోనూ ఫోన్‌లోనూ చూపిస్తుంది. మా ఆయన లిఫ్టు మెకానిక్. పగలంతా ఊళ్ళోవాళ్ళ లిఫ్టులు బాగుచేసి, ఇంటికొచ్చి ఆ సాఫ్ట్‌వేర్‌ని బాగుచేస్తూ ఉంటాడు. దానికి ఏ జబ్బూ లేకపోయినా సరే, వదలడు.

"ఒరిజినల్స్ ఎక్కడుంటాయి?" అన్నాను, భుజాన సంచి కూడా దించకుండా.

"ఇందులోనే ఉంటాయి. ఎక్కడికి పోతాయి?"

"మరి చప్పుడేది?"

"అది సెట్టింగు. ఒక్క నిమిషం. తీసేస్తే మామూలైపోతుంది."

ఆయన ఒక్క నిమిషం అంటే నాకు భయం. మా పెళ్ళయిన కొత్తలో ఒక్క నిమిషమని చెప్పి టీవీ వెనక్కి వెళ్ళినవాడు మర్నాడు భోజనాలకి వచ్చాడు. అందుకే ఆయన వెనక నిలబడి, రిమోట్ ఆయన చేతిలోనే ఉంచి, "ప్రిఫరెన్సెస్ అని ఉంది కదా, అది తెరవండి. ఒక్కో లైనూ పైకి చదవండి. నాకు వినబడాలి" అన్నాను.

చదవడం మొదలుపెట్టాడు. మొదట్లో గొంతు బాగానే ఉంది.

"వీడియో క్వాలిటీ. టీవీలో అయితే అత్యధికం. ఫోన్‌లో అయితే మధ్యస్థం."

"తర్వాత?"

"ఆడియో క్వాలిటీ. మాటల స్పష్టత, ఆన్."

"తర్వాత?"

"నేపథ్య శబ్దం తొలగింపు..." అని ఆగాడు.

"చదవండి."

"గరిష్ఠం."

గరిష్ఠమట. ఈ మనిషికి ఏదైనా మీట దొరికితే చివరిదాకా తిప్పకపోతే చేతులు ఊరుకోవు. గ్యాస్ పొయ్యి అయినా అంతే, గీజరైనా అంతే.

"అంటే ఏమేం తీసేస్తుంది?"

"ఫ్యాన్ మోత. బయట బళ్ళ చప్పుడు."

"గిన్నె పడితే?"

ఆయన రిమోట్ వైపు చూసుకున్నాడు.

"గిన్నె పడితే అండీ? తలుపు కొట్టుకుంటే?"

"మాట కానిది ఏదైనా తీసేస్తుంది" అన్నాడు. ఆ తర్వాత గబగబా ఇటు తిరిగి, "నువ్వే కదా అన్నావు? వీడియోలు పెడితే ఫ్యాన్ మోత తప్ప పాప గొంతే వినబడటం లేదని ఎన్నిసార్లు అనలేదు? నీ కోసమే పెట్టాను. తప్పయితే నాదొక్కడిదే కాదు" అన్నాడు.

అన్నాను. అబద్ధమెందుకు? మూడు నెలల కిందట సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఈ చెత్త చప్పుడు లేకపోతే ఎంత బాగుండునో అన్నాను. దేవుడు వినలేదు గానీ మా ఆయన విన్నాడు.  కానీ అప్పుడు నా తప్పు లెక్కపెట్టుకుంటూ కూర్చునే టైము కాదు.

"సరే, అది టీవీలో వినేటప్పుడే కదా తీసేది? అసలు వీడియో అలాగే ఉంటుంది కదా?"

ఆయన కింద లైను మీదకి వెళ్ళాడు.

"పాత ఫైళ్ళన్నీ ఈ ప్రమాణానికి మార్చు. అవును." గొంతు సన్నబడింది. "ఒకే వీడియోకి రెండు ప్రతులుంటే మెరుగైనది ఉంచి రెండోది తొలగించు. అవును."

"ఏది మెరుగైనదో దానికెవరు చెప్పారు?"

"నేనే. మాట స్పష్టంగా వినబడేదానికి ఎక్కువ మార్కులు వెయ్యమని పెట్టాను. డిస్కులో చోటు చాలటం లేదు, రెండేసి కాపీలు దేనికని..."

నేను పళ్ళ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఊడిపోయిన పళ్ళకి బదులు కొత్తవి చేస్తాం. నోటి అచ్చు తీసుకుని, దాని మీద మైనంతో పళ్ళు అమర్చి, ఆ తర్వాత అసలువి పోస్తాం. పళ్ళు ఎంత అందంగా వచ్చినా సరే, అవి మనిషి నోట్లో కూర్చుని, వాళ్ళు వాటితో ఒక ముద్ద నమిలి, బాగుంది అన్నదాకా ఆ అచ్చుని పారెయ్యం. అచ్చు అడ్డంగా ఉంది, అల్మరాలో చోటు లేదు అని ఎవరైనా అన్నారంటే మా పెద్ద మేస్త్రి వాళ్ళని ఆ పూటే ఇంటికి పంపించేస్తాడు. పన్నెండేళ్ళుగా ఆ పని చేస్తున్నదాన్ని. నా కూతురి అచ్చు నా ఇంట్లో, నా టీవీ కింద, నేను టీ తాగుతూ చూస్తుండగానే చెరిగిపోయింది.

"చెత్తబుట్ట ఉంటుంది కదా దానికి?"

"ముప్ఫై రోజులు ఉంచుతుంది."

"ఈ సెట్టింగు మార్చి ఎన్నాళ్ళయింది?"

"మూడు నెలలు."

"మీ ఫోన్‌లో?"

"పెట్టెలోకి వెళ్ళగానే ఫోన్‌లోంచి పోయేట్టు పెట్టాను. నీ ఫోన్‌లోనూ అంతే."

నేను సంచి కింద పడేసి కూర్చుండిపోయాను. అప్పుడు పన్నెండున్నర.

అయినా ఆశ చావదు కదా. ఒక్కో వీడియో పెట్టించి చూశాను. ఒకదాంట్లో పాప మంచం మీద పడుకుని ఉంది, ఉలిక్కిపడి రెండు చేతులూ పైకెత్తింది. దేనికి ఉలిక్కిపడిందో తెలియదు. ఇంకోదాంట్లో వెనక కిటికీ రెక్క గాలికి వచ్చి మూసుకోవడం కనిపిస్తోంది, పాప మాత్రం తిరగలేదు. గట్టిగా కొట్టుకుందా, మెల్లగా వచ్చి ఆనిందా? గట్టిగా కొట్టుకుని కూడా తిరగలేదంటే ఒక అర్థం. మెల్లగా ఆనితే దానికి ఏ అర్థమూ లేదు. వీడియోలో మాత్రం నేనొక్కదాన్నే, ఇటు చూడమ్మా ఇటు చూడమ్మా అంటూ తేటగా, తీయగా వాగుతూనే ఉన్నాను. నా గొంతు మీద నాకే రోత పుట్టింది. ఇరవై వీడియోలు చూశాక "ఇంక చాలు" అని నేనే టీవీ ఆపేశాను.

ఇదంతా జరుగుతున్నంతసేపూ అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడే ఉంది. నేను పొద్దున్న తొమ్మిదింటికి ల్యాబ్‌కి వెళ్తే ఆరింటికి వస్తాను. పాపని పెంచింది ఆవిడే. పిచ్చుక అన్న పేరు పెట్టిందీ ఆవిడే, తొమ్మిదో నెలలో కిచకిచలాడుతూ ఉండేదని. ఆ మాట చెబితే డాక్టరమ్మ, వినబడని పిల్లలు కూడా మొదట్లో అలాంటి శబ్దాలు చేస్తారని తీసిపారేసింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచీ అత్తయ్యకి ఉలుకూ పలుకూ లేదు. పాప చెవుల గురించి దిగులు కాబోలు అనుకున్నాను.

"ఆ పేజీలో ఇంకా ఏముంది?" అన్నాను. ఏదో ఉంటుందని కాదు. ఏదో ఒకటి అనకపోతే ఏడుపు వచ్చేట్టుంది.

మా ఆయన మళ్ళీ టీవీ పెట్టాడు. అట్టడుగున ఒకే ఒక లైను మిగిలింది.

"కనీస క్వాలిటీ. ఇంతకన్నా తక్కువ ఉన్న వీడియోలని లైబ్రరీలోకి తీసుకోవద్దు."

"ఇదెందుకు పెట్టారు?"

"అంటే... అమ్మ పాత ఫోన్ కోసం" అని నసిగాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థం కాగానే లేచి నిలబడ్డాను. అత్తయ్య దగ్గర అంతకుముందు ఒక ఫోన్ ఉండేది. కెమెరా అద్దం పగిలి, ఏది తీసినా పొగలో తీసినట్టు వచ్చేది. మనుషుల తలలు సగానికి తెగిపోయేవి. ఆ వీడియోలు మా టీవీ పరువు తీస్తున్నాయని మా ఆయన వాటిని పెట్టెలోకి రానివ్వలేదు. "మా చెత్త మీ పెట్టెకి పనికిరాదులే నాయనా" అని అత్తయ్య రెండు రోజులు ముభావంగా ఉంది కూడా. పెట్టెలోకి రానివ్వలేదంటే ఆ వీడియోల్ని ఎవరూ మెరుగుపరచలేదన్నమాట. ఎవరూ ముట్టుకోలేదన్నమాట!

"అత్తయ్యా, ఆ పాత ఫోన్ ఉందా? పారేశారా?"

అత్తయ్య నా వైపు చూడలేదు. కొడుకు వైపు చూసింది.

"అది ఎప్పుడో చచ్చిపోయిందమ్మా" అంది.

"ఆన్ కాదు అది. అనవసరంగా టైము వేస్టు" అన్నాడు మా ఆయన. "నేను ఇంకోటి ప్రయత్నిస్తాను. డిస్కులోంచి పోయినవాటిని వెనక్కి తెచ్చేవాళ్ళుంటారు. మా ఆఫీసులో ఒకతను..."

"నాలుగింటిలోపా?"

నేను అత్తయ్య వైపు తిరిగాను.

"ఉందా లేదా అత్తయ్యా? ఆన్ కాకపోతే నేను చూసుకుంటాను. ఎక్కడుందో చెప్పండి."

అత్తయ్య మింగలేక కక్కలేక అన్నట్టు నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడో రెండేళ్ళ కింద మీ వీడియోలు బాలేవన్నామని ఇప్పుడా పంతం, అని నోటిదాకా వచ్చింది. అదృష్టం, నోరు దాటలేదు.

పాప అప్పుడు అత్తయ్య కాళ్ళ దగ్గరే కూర్చుని చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. తన నడుము దాకా పేర్చింది. ఇంకో ముక్క కోసం ఆ చివరికి పాక్కుంటూ వెళ్ళింది. దాని కాలు తగిలి వెనక ఆ గోపురమంతా గచ్చు మీద ధడధడా కూలిపోయింది. నేను ఉలిక్కిపడ్డాను. మా ఆయన ఉలిక్కిపడ్డాడు. పాప మాత్రం వెనక్కి తిరగలేదు. కావలసిన ముక్క తీసుకుని, నవ్వుకుంటూ ఇటు తిరిగి, కట్టిన గోపురం లేకపోయేసరికి తెల్లబోయింది. ఎవరు తీసేశారని మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఏదైనా అడగాలంటే అలాగే చేస్తుంది.

అత్తయ్య తన గదిలోకి వెళ్ళింది. అల్మరా తలుపు చప్పుడైంది. తిరిగొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది, కొడుకు చేతిలో కాదు.

"దీనికి ఏమీ కాలేదు. ఛార్జింగు పెడితే వస్తుంది" అంది. "నా మీద కోపం తెచ్చుకోకమ్మా."

"కోపమెందుకు అత్తయ్యా?" అన్నాను, ఆవిడ దాచిందన్న కోపమంతా అప్పటికే పోయి. "మీరు నా పాలిటి దేవత."

ఆ మాటకి ఆవిడ మొహం పాలిపోయింది. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు.

పాత ఫోన్‌కి పాత తీగ కావాలి. అది దొరికేసరికి పది నిమిషాలు. తెర వెలిగేసరికి ఇంకో పావుగంట. ఆ పావుగంటా నేను గోడ దగ్గర నిలబడి, దాన్ని చూడకుండా గడియారం చూస్తూ ఉన్నాను. ఒకటిన్నర అయింది. మా ఆయన కూర్చోలేదు, నిలబడలేదు. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళి తాగాడు. పాప కోసమే ఆ కంగారని నా మనసు కరిగింది. భుజం మీద చెయ్యి కూడా వేశాను.

ఫోన్ వెలిగింది. నలభై ఒక్క వీడియోలున్నాయి.

అన్నిటికన్నా పాతది పాప పదమూడో నెలలోది. వంకరగా, మసకగా ఉంది. సగం తెర అత్తయ్య వేలే. కానీ చప్పుడు ఉంది! ఫ్యాన్ గిరగిర, కుళాయి ధార, కింద ఎవరో బండి స్టార్ట్ చెయ్యలేక తంటాలు పడటం, అన్నీ ఉన్నాయి. పాప నేల మీద కూర్చుని తన కాలివేళ్ళు చూసుకుంటోంది. వంటింట్లో గిన్నె మూత జారి పడి గింగిరాలు తిరిగింది. పాప తల గిర్రున అటు తిరిగింది. మూత తిరిగి తిరిగి ఆగేదాకా అటే చూసి, ఆగిపోయాక నవ్వింది.

మూడుసార్లు పెట్టుకుని చూశాను. నాలుగోసారి కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనబడలేదు, విన్నాను అంతే. నా పిల్లకి చెవులున్నాయి. పుట్టినప్పుడు ఉన్నాయి, పదమూడో నెలలో ఉన్నాయి. నేను పిచ్చిదాన్ని కాదు. నేను పిలిస్తే నిజంగానే చూసేది!

"చాలు, చాలు. ఇది చూపిస్తే సరిపోతుంది. పద, బయల్దేరదాం" అని మా ఆయన ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

"ఉండండి. ఎప్పుడు పోయిందన్నది కూడా కావాలని డాక్టరమ్మ చెప్పలేదూ? ఇంకా టైముంది."

"దార్లో చూడొచ్చు."

"దార్లో ఏం వినబడుతుంది? కూర్చోండి."

వరసగా పెట్టుకుంటూ పోయాను. పద్నాలుగో నెల, కాలింగ్ బెల్ మోగితే పాకుతూ తలుపు దగ్గరికి వెళ్ళింది. పదహారో నెల, పక్కింట్లో కుక్క అరిస్తే తనూ అరిచింది. ఆ తర్వాత కొన్నిట్లో ఏ చప్పుడూ లేదు, తినడం, నిద్రపోవడం. ఇరవయ్యో నెలలో ఒకటి దొరికింది. పాప వీపు కనిపిస్తోంది. అత్తయ్య వెనకనుంచి చెంచాతో పళ్ళెం మీద కొడుతోంది. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. పాప కదల్లేదు. "పిచ్చుకా" అని అత్తయ్య పిలిచింది. కదల్లేదు. అది ఆట కాదు. ఎవరూ ఆడటానికి అలా కొట్టరు. అంటే అత్తయ్యకి అప్పుడే అనుమానం వచ్చింది. వచ్చి, పరీక్ష పెట్టి చూసుకుంది. మాకు చెప్పలేదు.

తలెత్తి చూశాను. అత్తయ్య గోడకి ఆనుకుని కొంగుతో నోరు అదుముకుని ఉంది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"ఆ మధ్యలో ఒకటుందమ్మా" అంది ఆవిడ. "నల్లగా ఉంటుంది. బొమ్మ ఉండదు. అది పెట్టు."

"అమ్మా!" అన్నాడు మా ఆయన.

ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు.  వీడియోల వరస వెనక్కి జరిపాను. పదిహేడో నెల. నాలుగు నిమిషాలు. నల్లటి చతురస్రం. కింద తేదీ ఉంది. ఆ తేదీ నాకు బాగా గుర్తు. కొత్త కొలిమి మీద పళ్ళు కాల్చడం నేర్చుకోవడానికి ల్యాబ్‌వాళ్ళు నన్ను వేరే ఊరు పంపించారు. మూడు రోజులు. పాపని వదిలి నేను అన్ని రోజులు ఉండటం అదే మొదటిసారి. మా ఆయన ఆ మూడు రోజులూ డబుల్ డ్యూటీ చేశానని, ఇంట్లోనే లేనని చెప్పాడు.

నొక్కాను.

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి ఉన్నట్టుంది. మొదట ఏమీ లేదు, ఫ్యాన్ మోత. తర్వాత అత్తయ్య గొంతు, కాస్త దూరం నుంచి. "పిచ్చుకా, దిగమ్మా. నా తల్లివి కదూ. పడతావు, దిగు." పాప కిచకిచ నవ్వడం. కుర్చీ నేల మీద రాసుకున్న చప్పుడు.

దబ్బుమని ఇంకో చప్పుడు.

ఆ తర్వాత రెండు క్షణాలు ఏమీ లేదు. ఆ రెండు క్షణాల్లో నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు పాప ఏడ్చింది. అత్తయ్య కేక. ఎవరో పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చిన అడుగులు.

"ఏమైంది? అమ్మా, ఏమైంది?"

అది మా ఆయన గొంతు.

"కిటికీ గట్టు మీంచి పడిందిరా. చూస్తూనే ఉన్నాను, ఇంతలోనే..."

"ఇలా తే. తే అమ్మా. చెవిలోంచి రక్తం వస్తోంది."

"అయ్యో అయ్యో... అమ్మాయికి ఏం చెప్పనురా? ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఏం చెప్పొద్దు. తను వచ్చేలోపు తగ్గిపోతుంది. ముందు డాక్టరు దగ్గరికి పద." ఏడుపు, బట్టల రాపిడి. తర్వాత ఉన్నట్టుండి ఆయన గొంతు పక్కనే, నా చెవిలో చెప్పినంత దగ్గరగా. "అమ్మా, ఈ ఫోన్ రికార్డవుతోంది. ఇలా ఇవ్వు."

అంతటితో ఆగిపోయింది.

నేను ఆ ఊరినుంచి వచ్చిన రోజు పాప చెవిలో దూది ఉంది. ఏమిటని అడిగాను. జలుబు చేసిందన్నారు. ఇద్దరూ అన్నారు, ఒకరి తర్వాత ఒకరు. ఆ దూదిని నేనే తీసి, నేనే కొత్తది పెట్టాను.

"ఆ రోజే తీసేశాననుకున్నాను" అన్నాడు మా ఆయన, నాతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు.

నాకు కోపం రాలేదు. అది తర్వాత వచ్చింది. ముందు భయం వేసింది. ఇన్నేళ్ళుగా నా పక్కన కూర్చుని అన్నం తింటున్న మనిషి ఎవరో నాకు తెలియదన్న భయం. పాప నా ఒళ్ళోకెక్కి ఆ నల్లటి తెర మీద వేలు పెట్టి రాస్తోంది, బొమ్మ వస్తుందేమోనని.

"మూడు నెలల కింద ఆ చప్పుడు తీసేసే సెట్టింగు మీరు పెట్టింది, నేను ఫ్యాన్ మోత అన్నందుకేనా?" అని అడిగాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

ఆయన టీవీ వైపు చూశాడు.  గడియారంలో రెండు గంటల పది నిమిషాలైంది. అత్తయ్య గోడ వదిలి, వచ్చి నా ఎదురుగా నేల మీద కూలబడింది.

"ఆ సెట్టింగుల గొడవ నాకు తెలీదమ్మా" అంది. "వాణ్ణి ఇంకోటి అడుగు. ఆ రోజు ఆ డాక్టరు, తల లోపల చూడాలి, వారం తిరక్కుండా మళ్ళీ తీసుకురండి, ఆలస్యం చేస్తే చెవులు పోతాయి అని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం ఏం చేశాడో అడుగు."